కడపటి వేషము: డేవిడ్ గారిక్ జీవితము

కవి గతించినను కావ్యము నిలుచును. శిల్పి గతించినను శిల్పము నిలుచును. నటుని సంగతి అట్లు కాదు. తెర దిగి దీపములు ఆరిన పిమ్మట అతని సృష్టిలో మిగులునది చూచినవారి మనస్సులలోని జ్ఞాపకము మాత్రమే. ఆ చూచినవారును గతించినచో అదియు పోవును. చలనచిత్రము పుట్టుటకు పూర్వమున్న నటులందరి గతియు ఇంతే. అట్టివారిలో ఒకని పేరు రెండు వందల ఏబది యేండ్లు గడచినను ఆంగ్లదేశమున చెక్కుచెదరక నిలిచియున్నది. అతడు డేవిడ్ గారిక్. ఆ పేరు నిలుచుటకు నటన యొక్కటియే కారణము కాదు. తన కడపటి వేషము కట్టిన రాత్రి వచ్చిన ధనమును అతడు తన పెట్టెకు చేర్చుకొనలేదు. వయసుడిగి వేషము కట్టలేని తోటి నటుల నిధికి సమర్పించెను. బ్రతికినన్నాళ్లు లోభి యని లోకముచేత అనిపించుకొన్నవాడు ఆ పని ఎట్లు చేసెనో తెలిసికొనదగినది. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ కథయందు మరియొక ఆసక్తి కూడ ఉండును. ఏలయన ఇది ఒక చిన్న పాఠశాలలో మొదలైనది.

గారిక్ 1717వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన హెరిఫర్డు పట్టణమునందలి ఒక సత్రములో జన్మించెను. తండ్రి పీటర్ గారిక్ సైన్యములో అధికారి. సిపాయిలను చేర్చుకొను పనిమీద ఆ యూరికి వచ్చియుండెను. వారి నివాసము లిచ్‌ఫీల్డు. తాత ఫ్రాన్సు దేశమున బోర్డో నగరవాసి. 1685లో ఆ దేశపు రాజు ప్రొటెస్టంటులకు అంతవరకు ఉన్న మతస్వాతంత్ర్యమును రద్దుచేయగా, అతడు ఇల్లు వాకిలి విడిచి ఇంగ్లండునకు వలస వచ్చెను. పీటర్ గారిక్ దంపతులకు ఏడుగురు సంతానము, జీతము స్వల్పము. సంసారభారము తీరుటకై తండ్రి కొన్నేండ్లు జిబ్రాల్టరు కోటలో కొలువు చేయవలసివచ్చెను. ఇంటివద్ద తల్లికి అనారోగ్యము, అంగడులలో అప్పులు. దూరమందున్న తండ్రికి ఈ సంగతులన్నియు నవ్వు పుట్టునట్లు జాబులు వ్రాయు పని బాలుడైన డేవిడ్ మీద పడెను. కష్టమును హాస్యముగా మార్చి చెప్పు నేర్పును, చేతిలోని కాసును రెండుమారులు లెక్కచూచు అలవాటును అతనికి ఒక్క చోటనే అబ్బినవి. ఆ రెండును కడవరకు అతనిని విడువలేదు.

పదునొకండేండ్ల ప్రాయముననే ఆ బాలుడు ఇరుగుపొరుగు పిల్లలను చేర్చుకొని ఒక నాటకము ఆడించి, అందులో సార్జంటు వేషము తానే కట్టెను. పెద్దలు దానిని పిల్లచేష్ట యనుకొనిరి. లిస్బనులో ద్రాక్షసారాయి వర్తకము చేయు పినతండ్రి యొద్దకు పంపిరి గాని కుర్రవాడు అక్కడ నిలువక తిరిగివచ్చెను.

1736 ప్రాంతమున లిచ్‌ఫీల్డు సమీపమునందలి ఈడియల్ గ్రామములో ఒక యువకుడు చిన్న పాఠశాల తెరచెను. అతని పేరు సామ్యూల్ జాన్సన్. తరువాతి కాలమున ఆంగ్లభాషకు మహానిఘంటువు కూర్చి, సాహిత్యలోకమునకు చక్రవర్తివలె వెలుగొందినవాడు ఇతడే. కాని అప్పటికి పట్టము లేదు, ధనము లేదు. స్ఫోటకపు మచ్చల వంటి మచ్చలతో నిండిన ముఖము, స్వాధీనము లేని అంగచలనములు; వీనిని చూచి పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు జంకిరి. కుదిరిన శిష్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది. వారిలో డేవిడ్ గారిక్, అతని తమ్ముడు జార్జి ఉండిరి. గురువు చేష్టలను తలుపు సందులనుండి చూచి శిష్యులు నవ్వుకొనుచుండిరి. వానిని అనుకరించుటలో డేవిడ్ మొదటివాడు. చదువు చెప్పినవాడు తన శరీరము కూడ ఒక పాఠ్యగ్రంథమైనదని ఎరుగడు.

పాఠశాల త్వరలోనే మూతపడెను. 1737 మార్చి 2వ తేదీన గురుశిష్యు లిరువురును కలిసి లండను నగరమునకు బయలుదేరిరి. గురువునకు ఇరువదియేడేండ్లు, శిష్యునకు ఇరువది. గురువు సంచిలో పూర్తికాని విషాదనాటకము ఒకటి. శిష్యుని మనస్సులో పెద్దలు నిర్ణయించిన న్యాయశాస్త్రాభ్యాసము. ఇరువురి జేబులలోను చెప్పుకొనదగిన సొమ్ము లేదు. వృద్ధాప్యమున కీర్తిమంతులైన పిమ్మట వారు ఈ ప్రయాణపు పేదరికమును తలచుకొని పరిహాసములాడుకొనుచుండెడివారు.

నెల తిరుగకమునుపే గారిక్ తండ్రి మరణించెను. లిస్బను పినతండ్రి మృతిచెందుచు వేయి పౌనులు అతనికి వ్రాసిపోయెను. ఆ మూలధనముతో డేవిడ్, అన్నయైన పీటరు కలిసి ద్రాక్షసారాయి వర్తకము పెట్టిరి. లండనులో థేమ్స్ నది యొడ్డునగల డర్హామ్ యార్డు అను చోట డేవిడ్ కొట్టు నడపెను. వర్తకము సాగలేదు. పగలు కొట్టులో కూర్చున్నను మనస్సు రాత్రి చూడబోవు నాటకముమీదనే యుండెను.

నటుడగుటకు అడ్డమేమని నేటివారు అడుగవచ్చును. ఆ కాలపు చట్టము చూచినగాని ఆ అడ్డము ఎంత పెద్దదో తెలియదు. రాజుగారి అనుమతిపత్రము లేని నటుడు ఆంగ్లశాసనము ప్రకారము దేశదిమ్మరులతోను, దొంగలతోను జమకట్టబడెను. 1737లో వచ్చిన క్రొత్త చట్టము లండనునందు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ అను రెండు నాటకశాలలకు తప్ప అన్యులకు నాటకములాడు హక్కు లేకుండ చేసెను. మర్యాదగల యింటి పిల్లవాడు రంగస్థలమెక్కుట కులమునకే మచ్చ. అందుచేత తల్లి జీవించియున్నంతవరకు గారిక్ ఆ మాట ఎత్తలేదు. ఆమె 1740లో గతించెను. మరుసటి వేసవిలో అతడు ఇప్స్‌విచ్ పట్టణమునకు పోయి, లిడల్ అను మారుపేరుతో వేషములు కట్టి తన శక్తిని తానే పరీక్షించుకొనెను.

1741 అక్టోబరు 19వ తేదీ రాత్రి లండను తూర్పు భాగమునందలి గుడ్‌మన్స్ ఫీల్డ్స్ నాటకశాలలో షేక్‌స్పియరు మహాకవి మూడవ రిచర్డు నాటకము ప్రదర్శింపబడెను. ఆ శాలకు అనుమతిపత్రము లేదు. సంగీతకచేరికి మాత్రమే టిక్కెట్టు అమ్మి, నడుమ నాటకమును ఉచితముగ చూపుచున్నట్లు ప్రకటించి యజమాని చట్టమును తప్పించుకొనుచుండెను. ప్రధానపాత్రధారి పేరు కరపత్రములో లేదు. మునుపెన్నడును రంగస్థల మెక్కని ఒక పెద్దమనుషి యని మాత్రమే అచ్చువేసిరి. ఇప్స్‌విచ్ సంగతి తెలిసినవారికి అది అబద్ధము.

ఆనాటి నటనాపద్ధతి వేరు. పేరుపడ్డ నటులు ఒకచోట నిలిచి, చేయి చాచి, పద్యపాదములను రాగయుక్తముగ దీర్ఘములు తీయుచు చదువుచుండిరి. ప్రక్కవాడు మాటలాడునపుడు తమకు సంబంధము లేనట్లు ప్రేక్షకులలో పరిచితులను చూచుచుండిరి. గారిక్ రంగము మీదికి వచ్చినది మొదలు రిచర్డుగనే నడచెను, రిచర్డుగనే వినెను. భయము ముఖమునందు పుట్టి కంఠమునకు వచ్చెను. కొన్ని వారములలో లండను నగరపు సంపన్నులందరి బండ్లును పేదలుండు ఆ తూర్పు వీధులకు బారులు తీరెను. వృద్ధుడును రోగియునైన పోప్ కవి మూడు పర్యాయములు వచ్చి చూచెను. మొదటి ప్రదర్శనము మరునాడే గారిక్ అన్నకు జాబు వ్రాసి తన రహస్యమును వెల్లడించుకొనెను. ఇంటి పరువు పోయినదని అన్న వగచెను. తమ్ముడు క్షమాపణములు కోరెనేగాని దారి మార్చుకొనలేదు.

కీర్తి త్వరగా వచ్చెను. దానితో పరీక్షయు వచ్చెను. 1743లో డ్రూరీ లేన్ యజమాని నటుల జీతములు చెల్లింపక బాకీ పెట్టెను. గారిక్, అతని మిత్రుడు చార్లెస్ మాక్లిన్ నాయకులై నటులందరును సమ్మెకట్టిరి. ఒక్కరిని విడిచి మరియొకరు తిరిగి చేరరాదని కట్టుబాటు చేసికొనిరి. యజమాని రాజీకి వచ్చెను గాని మాక్లినును మాత్రము చేర్చుకొననని పట్టుపట్టెను. చలికాలము; చిన్న నటుల ఇండ్లలో పొయ్యి రాజుట లేదు. వారు గారిక్‌ను బ్రతిమాలిరి. తన జీతములో కొంత మాక్లినునకు ఇచ్చెదనని గారిక్ చెప్పిచూచెను, మాక్లిన్ అంగీకరింపలేదు. తుదకు గారిక్ మాట తప్పి, మిగిలినవారితో కలిసి కొలువులో చేరెను. అతడు చేసినది ద్రోహమా, పదిమంది కడుపు నింపుటకై చేసిన విధిలేని పనియా యని నేటికిని చర్చించువారు కలరు. ఒక్క మాట మాత్రము నిశ్చయము. జీతమాగిన నటుని యింటిలో మూడవ వారమున ఏమగునో గారిక్ ఆ చలికాలమున కన్నులార చూచెను.

1747లో లేసీ యను నాతనితో కలిసి గారిక్ డ్రూరీ లేన్‌కు భాగస్వామి యయ్యెను. సెప్టెంబరు 15వ తేదీన నూతన పాలనములో తెర లేచెను. ఆ రాత్రికి ప్రస్తావనపద్యములను వ్రాసినవాడు పూర్వపు గురువైన జాన్సన్. వానిని చదివినవాడు శిష్యుడు. ఆడిన నాటకము వెనిసు వర్తకుడు. అందు షైలాక్ వేషము కట్టినవాడు మాక్లిన్. నాలుగేండ్లనాటి గాయము పూర్తిగా మానకున్నను ఇరువురును ఒకే కప్పు క్రిందికి వచ్చిరి.

ఇరువదితొమ్మిది సంవత్సరములు గారిక్ ఆ శాలను నడపెను. అభ్యాసములకు తప్పక రావలెనని నియమము పెట్టెను. పాఠము రానివానిని వేదిక ఎక్కనీయలేదు. షేక్‌స్పియరు నాటకములను అనేకము తిరిగి వెలుగులోనికి తెచ్చెను. వానిని తన కాలపు రుచికొరకు కోసి కుట్టుటయు అతడే చేసెను. 1772లో హామ్లెట్టు కడపటి అంకమును మార్చిన తీరును తరువాతివారు క్షమింపలేదు. తొంబదికి పైగా పాత్రలను అతడు ధరించెను. 1749 జూన్‌లో వియన్నా నగరమునుండి వచ్చిన నర్తకి ఇవా మేరియాను వివాహమాడెను. వారికి సంతానము లేదు. వివాహానంతరము భార్యాభర్తలు ఒక్కరాత్రియైనను ఎడబాయలేదని వారి మిత్రులు చెప్పుకొనెడివారు.

ఇక్కడ సహాయప్రదర్శనముల పద్ధతిని కొంచెము వివరింపవలెను. నాటి నాటకశాలలో నటునికి జీతముకాక ప్రతి వసంతమున ఒక రాత్రి ప్రత్యేకింపబడెడిది. ఆనాటి దీపములు, సిబ్బంది మొదలైన ఖర్చు శాలకు కట్టివేసి, మిగిలిన వసూలు నటుడు పుచ్చుకొనవచ్చును. అందుకై అతడు టిక్కెట్లు చేతబట్టుకొని గొప్పవారి గడపలు తొక్కవలెను. జనము వచ్చినచో ఏడాది గడచును. వాన కురిసినచో అప్పు మిగులును. గ్రంథకర్తకు ఇట్లే తన నాటకము ఆడిన మూడవ రాత్రి, ఆరవ రాత్రి, తొమ్మిదవ రాత్రి వసూళ్లు దక్కెడివి. ఈ పద్ధతిలో ఉన్న లోపమేమనగా, వేషము కట్టగలిగినంత కాలమే ఆ రాత్రి వచ్చును. కాలు విరిగినవానికి, కంఠము పోయినవానికి, పండ్లూడిన ముదుసలికి వసంతము లేదు.

గారిక్ ఈ పద్ధతిని తనవారికొరకు ఎట్లు వినియోగించెనో రెండు ఉదాహరణములు చాలును. లండనునకు నడచివచ్చిన నాడు జాన్సన్ సంచిలోనున్న ఐరీన్ నాటకమును పండ్రెండేండ్లపాటు ఏ యజమానియు ముట్టలేదు. 1749 ఫిబ్రవరిలో గారిక్ దానిని ప్రదర్శించెను. నాటకము వేదికకు తగినది కాదని అతనికి తెలియును. కొన్ని మార్పులు కోరగా గురువు ఉగ్రుడయ్యెను, మధ్యవర్తులు సర్దవలసివచ్చెను. మొదటి రాత్రి ప్రేక్షకులు గోలచేసిరి. అయినను గారిక్ నాటకమును తొమ్మిది రాత్రులు పట్టుదలతో ఆడించెను. ఏలయన తొమ్మిదవ రాత్రి వరకు నడచినగాని మూడు వసూళ్లును గ్రంథకర్తకు రావు. జాన్సనునకు సుమారు రెండువందల పౌనులు ముట్టెను. అంత సొమ్ము ఆయన అంతకు మునుపు ఒక్కసారిగా చూచి యుండలేదు.

రెండవది 1750 ఏప్రిల్ 5వ తేదీనాటిది. స్వర్గనష్టకావ్యమును రచించిన మిల్టన్ మహాకవి మనుమరాలు ఎలిజబెత్ ఫాస్టరు లండనులో చిల్లర అంగడి పెట్టుకొని, ముసలితనమున పేదరికముతో కాలము గడుపుచుండెను. తాత గ్రంథములను అచ్చువేసినవారు మేడలు కట్టిరి. మనుమరాలికి మాత్రము పూటకు పూట వెదకుకొనుటయే. ఆమె సహాయార్థము మిల్టన్ రచించిన కోమస్ నాటకమును డ్రూరీ లేన్‌లో ఆడిరి. ప్రస్తావనను వ్రాసినవాడు మరల జాన్సనే. చదివినవాడు మరల గారిక్కే. నూటముప్పది పౌనుల వరకు ఆమెకు లభించెను. ఒక శాలాధిపతి, ఒక కవి కలిసి మరియొక కవి వంశమునకు బాకీ తీర్చిన రాత్రి అది.

ఇట్లు కలిసి పనిచేసినను గురుశిష్యుల నడుమ స్నేహము నిర్మలముగ లేదు. ఒక్క దారిని వచ్చిన ఇరువురిలో శిష్యుడు నాలుగేండ్లలో ధనవంతుడయ్యెను. గురువు నలుబదేండ్లు దాటినను అప్పులవారికి తలుపు తీయుటకు వెరచుచుండెను. జ్ఞానమునకు దొరకని బంగారము అభినయమునకు దొరకినదని జాన్సను మనస్సున ముల్లువలె నాటెను. 1752లో వ్రాసిన ఒక వ్యాసమున, కొత్త సంపదను పాతమిత్రునకు చూపి మురియువాని చిత్రము గీసెను. అది తన్ను గురించియే యని గారిక్ గ్రహించి నొచ్చుకొనెను. 1764లో జాన్సన్ మిత్రులు ఒక సాహిత్యగోష్ఠిని స్థాపించినపుడు, తానును వత్తునని గారిక్ చనువుగా అనుట గురువునకు సరిపడలేదు. అతనిని చేర్చుకొన్నది 1773లో. అయినను ఇందొక విచిత్రము కలదు. తన ఎదుట ఇతరులెవ్వరేని గారిక్‌ను నిందించినచో జాన్సన్ సహించువాడు కాడు. శిష్యుని దండించు హక్కు గురువునకేగాని దారినపోవువారికి లేదని ఆయన భావము కాబోలు.

లోకము వేసిన నిందలలో పెద్దది లోభత్వము. కొవ్వొత్తి ముక్కలకు లెక్క చూచునని, ఇంటి యిల్లాలు తేయాకు ఎక్కువ వేసినచో గొణుగునని, పిల్లికి బిచ్చము పెట్టడని హాస్యగాండ్రు కథలల్లి విందులలో చెప్పుచుండిరి. సామ్యూల్ ఫుట్ అను నటునకు ఇది నిత్యకృత్యము. డర్హామ్ యార్డులో గారిక్ ద్రాక్షసారాయి వర్తకుడై యుండినపుడు కొట్టులో ఉన్నదెల్ల కాస్త పులిసిన సరకేయని అతడు పరిహసించెడివాడు. ఇందు కొంత నిజము లేకపోలేదు. అప్పుల యింట పుట్టినవానికి కాసు విలువ తెలియును. చిన్న ఖర్చునకు వెనుదీయువాడే పెద్ద దానమునకు ముందు నిలుచుట లోకమున అరుదు కాదు. గారిక్ ఇచ్చినంత ధనము తానెరిగినవారిలో మరియెవ్వరును ఇచ్చియుండలేదని సాక్ష్యము పలికినవాడు, అతనిపై అసూయపడిన ఆ జాన్సనే. శత్రువు మెచ్చుటకంటె అసూయాపరుడు మెచ్చుట గొప్ప.

సంస్కరణమునందును గారిక్ పేదనటుని మరువలేదు. సహాయప్రదర్శనపు రాత్రులలో ఎక్కువ టిక్కెట్లు అమ్ముటకై రంగస్థలము మీదనే బల్లలు వేసి ప్రేక్షకులను కూర్చుండబెట్టుట ఆచారము. పాత్రధారి కదలుటకు చోటుండదు. విషాదఘట్టమున వేదికమీది ప్రేక్షకుడు తుమ్మిన జనము నవ్వును. గారిక్ దీనిని మాన్పవలెనని తలచెను. కాని ఒక్క ఆజ్ఞతో మాన్పినచో నటులకు వచ్చు సొమ్ము తగ్గును. కావున 1762లో శాలను పెంచి, లోపల ఎక్కువమంది పట్టునట్లు చేసి, అటుపిమ్మట బల్లలు తీసివేయించెను. నష్టపోవువానికి ముందు దారిచూపి తరువాత సంస్కరించుట అతని పద్ధతి. అంతటి జాగరూకుడును జనాగ్రహమునకు లోనుగాక తప్పలేదు. నాటకము సగమైన పిమ్మట వచ్చువారికి సగము ధర యను ఆచారమును కొన్ని ప్రదర్శనములకు ఎత్తివేయగా, 1763 జనవరిలో అల్లరిమూకలు డ్రూరీ లేన్‌లో బల్లలు విరుగగొట్టెను. గారిక్ లొంగిపోయెను. మనస్సు విరిగి, ఆ శరదృతువున భార్యతో ఐరోపాయాత్రకు బయలుదేరి, మ్యూనిక్ నగరమున తీవ్రజ్వరమునకు లోనై మృత్యుముఖమునుండి బయటపడి 1765 వసంతమున తిరిగివచ్చెను.

అతడు దేశాంతరమందున్న కాలముననే నటులలో ఒక క్రొత్త ఆలోచన బయలుదేరెను. ఒకప్పుడు పేరుపొందిన నటీమణి యొకతె పేదరికమునకు దిగజారుట చూచి, కోవెంట్ గార్డెన్ శాలవారు వృద్ధనటుల సహాయనిధిని స్థాపించిరి. డ్రూరీ లేన్ నటులును 1766లో అట్టిదే నెలకొల్పిరి. ప్రతి సభ్యుడును తన జీతములోనుండి కొంత చెల్లించుట, అశక్తుడైన నాడు ఏటేటా కొంత పొందుట దాని పద్ధతి. తనతో ముందుగా సంప్రదింపలేదని గారిక్ మొదట చిన్నబుచ్చుకొనెనందురు. అతని స్వభావమున ఆ బలహీనత యుండెను. కాని అలుక నిలువలేదు. ప్రతి సంవత్సరమును ఒక రాత్రి తన గొప్ప వేషములలో ఒకటి నిధికొరకు కట్టసాగెను. సాధారణ నటుడు గడప గడపకు తిరిగి అమ్మవలసిన టిక్కెట్లు గారిక్ పేరు చెప్పినంతనే చెల్లిపోవుచుండెను. అతని విరాళములవలనను, ప్రదర్శనములవలనను నిధికి చేరిన మూలధనము నాలుగువేల అయిదువందల పౌనులకు దగ్గరగ నుండునని అతని తొలి జీవితచరిత్రకారుడు లెక్కకట్టెను. 1776లో ఆ నిధిని చట్టబద్ధముగ భద్రపరచుటకు పార్లమెంటు ఒక శాసనము చేసెను. నటుని దేశదిమ్మరి యన్న శాసనసభయే నటుని వృద్ధాప్యమునకు రక్షణ కల్పించుట గమనింపదగినది.

ఈ నడుమ 1769 సెప్టెంబరులో షేక్‌స్పియరు జన్మస్థానమైన స్ట్రాట్‌ఫర్డునందు గారిక్ మూడుదినముల మహోత్సవము తలపెట్టెను. ఏవన్ నది యొడ్డున పెద్ద మండపము కట్టించెను. రెండవనాడు వాన మొదలై ఊరేగింపులు ఆగిపోయెను. నది పొంగి మండపములోనికి నీరు వచ్చెను. షేక్‌స్పియరు నాటకమొక్కటియు ఆడకుండ షేక్‌స్పియరు ఉత్సవము ముగిసెను. నష్టమును గారిక్ తానే భరించి, లండనునకు పోయి, తన పరాభవమునే హాస్యనాటకముగ వ్రాసి ఆడించెను. అది తొంబది రాత్రుల వరకు నడచి నష్టము పూడ్చెను. తండ్రికి నవ్వు పుట్టునట్లు జాబులు వ్రాసిన బాలుడు ఇక్కడ మరల కనబడుచున్నాడు.

1776 ఆరంభమున గారిక్ తన సగము భాగమును ముప్పదియైదువేల పౌనులకు షెరిడన్ కవికిని అతని మిత్రులకును విక్రయించెను. అప్పటికి మూత్రపిండముల వ్యాధి అతనిని పీడించుచుండెను. ఆ వేసవిలో తన ప్రసిద్ధపాత్రలను ఒక్కొక్కటిగ చివరిసారి ధరించి వీడ్కొలిపెను. పారిసు నగరమునుండి సైతము జనులు చూడవచ్చిరి. లియరు రాజును జూన్ 8వ తేదీన విడిచెను. ఆ నాటకఋతువుననే శాలలో చేరిన సారా సిడన్స్ అను యువతి మూడవ రిచర్డునందు అతని ప్రక్క నటించి భయముతో వణకెను. ఆమె శక్తిని అతడు గుర్తింపలేదు. ఋతువు ముగియగానే ఆమెకు కొలువు పోయెను. కాలాంతరమున ఆంగ్లరంగస్థలముపై మహానటిగ వెలిసినది ఆమెయే. గారిక్ దృష్టికి అందనివి కూడ కలవని చెప్పుటకు ఇది చాలును.

జూన్ 10వ తేదీ రాత్రి కడపటిది. మొదట ధరించిన రిచర్డుతోనే ముగింపవలెనని అతడు తలచెనట. యుద్ధముచేసి మరణించు ఆ వేషమునకు పిమ్మట సెలవు పుచ్చుకొనుటకు శక్తి చాలదని ఎంచి, సుసానా సెంట్‌లివరు రచించిన ది వండర్ అను హాస్యనాటకమును ఎన్నుకొనెను. అందు అసూయగల ప్రేమికుడైన డాన్ ఫెలిక్స్ అతని పాత్ర. ఆనాటి వసూలు సహాయనిధికని ముందుగనే ప్రకటించిరి. శాల క్రిక్కిరిసెను. తన వీడ్కోలునకు జనము చెల్లించు ధనమును, తనవలె మేడలు కట్టుకొనలేని వారికి అతడు అప్పగించెను. ఆ కాలమున పేరుపడ్డ నటులు తమ చివరి రాత్రిని తమకే ఉంచుకొనుట తప్పుగ నెంచబడెడిది కాదు.

నాటకము ముగిసెను. గారిక్ వేదిక ముందుభాగమునకు వచ్చి నిలిచెను. ఇట్టి సమయమున పద్యములు చదివి సెలవు పుచ్చుకొనుట మర్యాద. ముప్పదియైదేండ్లు ఇతరుల మాటలు పలికిన ఆ కంఠము ఆనాడు పద్యము చదువలేకపోయెను. కొలది గద్యవాక్యములలో కృతజ్ఞత చెప్పి, నాలుగు దిక్కులకు నమస్కరించి, మెల్లగ వెనుకకు నడచి కనుమరుగయ్యెను. పిమ్మట ఆడవలసిన చిన్న నాటికను చూచుటకు ప్రేక్షకులు సమ్మతింపలేదు. ఆడుటకు నటులకును చేతకాలేదు. దీపములు ఆర్పివేసిరి.

తరువాత అతడు రెండున్నరయేండ్లు మాత్రమే జీవించెను. 1779 జనవరి 20వ తేదీన అడెల్ఫీ వరుసయిండ్లలోని తన గృహమున మరణించెను. ఆ యిండ్లు కట్టిన నేల, పూర్వము అతడు సాగని వర్తకము చేసిన డర్హామ్ యార్డే. ఫిబ్రవరి 1వ తేదీన రాజులును కవులును నిద్రించు వెస్ట్‌మినిస్టరు ఆలయమున, షేక్‌స్పియరు విగ్రహము పాదములచెంత అతనిని సమాధి చేసిరి. జాన్సన్ ఆ సమాధి యొద్ద నిలిచి కన్నీరు కార్చుట చూచినవారు కలరు. 1784 డిసెంబరులో జాన్సనునకును ఆ చెంతనే చోటు దొరకెను. లిచ్‌ఫీల్డునుండి కలిసి బయలుదేరినవారు చివరకు కలిసియే విశ్రమించిరి. ఇవా మేరియా 1822 వరకు జీవించి, లిచ్‌ఫీల్డు ప్రధానదేవాలయమున భర్తకు స్మారకము కట్టించి, జాన్సన్ అతనిని గూర్చి వ్రాసిన వాక్యమును దానిపై చెక్కించెను.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగించెదను. డ్రూరీ లేన్‌లో చిన్న వేషములు కట్టుచుండిన థామస్ డేవిస్ అను నటుడు, విమర్శకుల హేళన తాళలేక వేదిక విడిచి పుస్తకముల అంగడి పెట్టెను. 1778లో దివాలా తీసెను. మిత్రులు అతనికొరకు డ్రూరీ లేన్‌లో ఒక సహాయప్రదర్శనము ఏర్పాటుచేసిరి. గారిక్ మరణించిన పిమ్మట జాన్సన్ ప్రోత్సాహముతో, ఈడియల్ పాఠశాలనాటి సంగతులు ఆయనవలన తెలిసికొని, 1780లో గారిక్ జీవితచరిత్రమును డేవిస్ ప్రకటించెను. గారిక్ అలుకలను, పొరపాటులను అందు దాచలేదు. ఆ గ్రంథము విరివిగ అమ్ముడుపోయి దివాలా తీసిన ఆ పాతనటునకు తిరిగి కూడుపెట్టెను. నిధి నియమములలో లేని ఈ చిట్టచివరి సహాయప్రదర్శనమును గారిక్ తాను చూడలేదు. దానికి ప్రస్తావన కూర్చినవాడు మాత్రము, ఎప్పటివలెనే, అతని గురువు.